జవాబు వచ్చాక అడగాల్సిన ప్రశ్న

గోడ కట్టే ముందు ఇటుకల్ని నీళ్ళలో ఎందుకు నానబెడతారో మన హాస్టల్లో చాలామందికి తెలుసు. సెలవుల్లో నాన్న వెంట తాపీ పనికి వెళ్ళినవాళ్ళమే కదా! పొడి ఇటుక సిమెంటులోని తడిని పీల్చేస్తే గోడ గట్టిపడదు. తొట్టిలో వేసిన ఇటుక నుంచి బుడగలు వస్తాయి. సన్నటి రంధ్రాల్లోకి నీరు చొరబడి గాలిని బయటికి నెడుతుంది. ఎమ్మెస్సీ గణితంలో 'సచ్ఛిద్ర పదార్థాల్లో రెండు దశల ప్రవాహం' అని మేము చదివింది దీన్నే. కానీ ఆ ఇటుక మాకు గుర్తుకు రాలేదు.

ఫ్రాన్స్‌లోని డిజాన్ నగరానికి మంచినీటి ఏర్పాట్లు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ. ఇసుక గుండా నీటిని పంపి, కొలిచి, 1856లో తన సూత్రం ప్రకటించాడు. అది ఒక్క ద్రవానికే. రాతి పొరల్లో నూనె, నీరు కలిసి కదిలితే ఒకదాని దారికి మరొకటి అడ్డం. నీటితో నూనెను నెట్టినప్పుడు ఏం జరుగుతుందో 1942లో బక్లీ, లెవరెట్ లెక్కగట్టారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒకే చోట, ఒకే క్షణంలో నీటి వాటాకు మూడు విలువలు! ఒకే గ్లాసు ఒకేసారి పావు, సగం, ముప్పావు నిండి ఉంటుందా? లెక్క చెప్పింది కదా అని వాళ్ళు ఒప్పుకోలేదు. మొత్తం నీటి పరిమాణం మారకుండా చూసుకుని, ఆ మూడు విలువల బదులు నీటి వాటా ఒక్కసారిగా మారే అంచును గీశారు.

ఈ నిరూపణను మేము బట్టీపట్టి మంచి మార్కులే తెచ్చుకున్నాం. సెమినార్లో మాస్టారు "మూడు విలువలు ఎందుకొచ్చాయి?" అంటే నోరు పెగల్లేదు. జవాబు మా ఇంట్లోనే ఉంది. ఇటుక తడిని పీల్చే గుణాన్ని, అంటే కేశనాళికీయతను, లెక్క సులువు కోసం పక్కన పెట్టారు. అందుకే ఆ చిక్కు.

బట్టీ మన సోమరితనం కాదు. ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్ళు లేరు. క్లాసులో అడిగితే నవ్వుతారని బెరుకు. ఆ బెరుకుతోనే "లెక్కలు మనకు రావు" అనుకుని ఏటా కొందరు తమ్ముళ్ళు ఎంపీసీ వదిలేస్తున్నారు. ఇది మనకు పెద్ద నష్టమని మా అభిప్రాయం. పనిలో చూసింది మనకు తక్కువేమీ కాదు, దాన్ని పుస్తకంతో కలిపి చెప్పేవాళ్ళే తక్కువ.

అందుకే మా విన్నపం. స్టడీ అవర్లో వారానికి ఒక్క గంట, జవాబు వచ్చాక పుస్తకం మూయకండి. "ఇది నిజంగా జరిగే పనేనా?" అని ఒకరినొకరు అడగండి. ఆదివారాలు మేమూ వస్తాం. వచ్చేటప్పుడు ఒక పొడి ఇటుక తెస్తాం.