రుసుము లేని సముద్రము

కనిగిరి ప్రాంతమున నీటికి వెల కలదు. భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటమగుటచే త్రాగునీటిని డబ్బాలలో కొనుట అచటి కుటుంబములకు నిత్యవ్యయమైనది. వేసవి ముదిరినచో చెరువులు ఎండును, కొండరాళ్లు కాగును. ఇట్టి ఊరివారు సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని, 70, 80 కిలోమీటర్లు ప్రయాణము చేసి పాకల సముద్రతీరమునకు పోవుటలో వింత లేదు. వెల యడుగని నీరు వారి కంటబడునది అచ్చటనే. అది త్రాగుటకు పనికిరాదన్నది వేరు సంగతి.

కందుకూరు మీదుగా సింగరాయకొండ చేరి, అచటినుండి ఆటోలో తీరమునకు పోవుదురు. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము లభించుటచే తల్లులకును ఆడపిల్లలకును బస్సు ఛార్జీ బాధ తప్పినది. పులిహోర, పెరుగన్నము ఇంటినుండియే వచ్చును. ఇక ఇసుకమీద కూర్చుండుటకు ఎవరికిని ఏమియు చెల్లింపనక్కరలేదు. ఈ చివరి సౌకర్యము ఎంతకాలము నిలుచునన్నదే నేటి ప్రశ్న.

ఈ సందేహము ఊహామాత్రము కాదు. విశాఖపట్టణపు ఋషికొండ తీరమునకు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చెను. 2023 జూలైలో అచట మనిషికి 20 రూపాయల ప్రవేశరుసుము విధింప నిశ్చయించిరి. ప్రజలు నిరసింపగా ఆ నిశ్చయమును విరమించుకొనిరి. 20 రూపాయలొక లెక్కయా యని పట్టణవాసి యడుగవచ్చును. మిరపకోతలకు పోవు కుటుంబమున ఆరుగురున్నచో అది 120 రూపాయలగును. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. ద్వారము వెలసిన పిదప సముద్రము చూడవచ్చినవాడు హక్కుదారు కాడు, గిరాకీ యగును.

తీరము అందరిదన్న భావము చాల ప్రాచీనము. గాలి, ప్రవహించు నీరు, సముద్రము, దాని యొడ్డు సర్వజనసామాన్యములని 6వ శతాబ్దినాటి జస్టీనియన్ చక్రవర్తి ధర్మశాస్త్రము చెప్పినది. మన సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో, బియాస్ నదికి సంబంధించిన కమలనాథ్ వ్యాజ్యమున, ఇట్టి ప్రకృతిసంపదకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేనని తీర్పు చెప్పుచు సముద్రతీరమును గూడ పేర్కొన్నది. ధర్మకర్త దేవాలయమును కాపాడవలయును గాని తన సొత్తుగా భావింపరాదు.

అయితే కాపాడుటకు ధనమెక్కడిదన్న ఎదురుప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 2025 జనవరిలో, సంక్రాంతి దినములలో, ఈ పాకల తీరముననే స్నానమునకు దిగిన ముగ్గురు మునిగి మరణించిరి. చెరువులెండిపోవు మెట్ట గ్రామముల పిల్లలకు ఈత నేర్చుటకు తావేది? వారికి అలల స్వభావమును తెలియదు. ఒడ్డునకు వచ్చిపడిన నీరు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా కూడి, వేగముగ లోనికి మరలిపోవును. ఆ పాయలో అలలు విరుగుట తక్కువ. అందుచే క్రొత్తవారు అదియే క్షేమమని భ్రమించి అచటనే దిగుదురు. చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదినచో అలసి మునుగును. తీరమునకు సమాంతరముగ ప్రక్కకు ఈది ఆ పాయను దాటవలయును. ఈత రానివాడు మోకాలిలోతు దాటకుండుటయే మేలు. విహారయాత్రకు పిల్లలను కొనిపోవు ఉపాధ్యాయులు బస్సు కదలకముందే తరగతిలో నల్లబల్లమీద గీసి చూపదగిన విషయమిది.

కావలి యుండవలయునన్నమాట నిజము. కాని కావలికి టికెట్టు ఒక్కటే మార్గము కాదు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలపై చేపలవేట నిషిద్ధము. జనము తీరమునకు విరివిగ వచ్చు దినములును అవియే. ఏచోట నీరు లాగునో పుట్టినది మొదలు ఎరిగిన మత్స్యకార యువకులు అప్పుడు పనిలేక యుందురు. ప్రభుత్వమిచ్చు నిషేధకాలపు భృతి కుటుంబమునకు చాలుననుట కష్టము. వారిని దినవేతనముపై కావలికి నియమించి, అందుకగు వ్యయమును కార్ల నిలుపుదల రుసుమునుండి రాబట్టవచ్చును. కారులో వచ్చినవానికి అది భారము కాదు. ఆటో దిగి నడచివచ్చిన తల్లికి ఇసుక ఎప్పటివలె తెరచియే యుండును. ఏర్పాటు మాత్రము ఏప్రిల్ నెలలోనే జరుగవలయును. జూన్ 15 నాటికి పడవలు మరల నీట దిగును, బడులు తెరచు వేళయు ఇంచుమించు అదియే.