తీరిక వేళ: కూత తెగని బొమ్మ ఇంజను

హుబ్లీ నుండి మన చదువరి ఒకరు జాబు వ్రాశారు. వారి నాన్నగారు మీటరు గేజి మీద ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, పింఛను పుచ్చుకున్న మనిషి. ఆవిరి ఇంజనులు పోయి ఇన్నేళ్లయినా ఆ చప్పుడు మీద ఆయనకు మోజు పోలేదు. కొడుకుగారు డబ్బు కూడబెట్టి, ధ్వని చేసే డిజిటల్ డీకోడరు అమర్చిన చిన్న ట్యాంకు ఇంజను ఒకటి తెప్పించి, మేడ మీది గదిలో బల్ల వేసి పట్టాలు పరిచారు. ఇంజను నడుస్తోంది. అయితే పాయింట్ల మీదికి వచ్చేసరికి ఒక్క క్షణం తడబడుతుంది. ఆ క్షణంలో చప్పుడు తెగిపోతుంది. మళ్లీ మొదటినుంచీ, అప్పుడే నిప్పు రాజేసినట్లు, మొదలవుతుంది. "నాన్నగారు రెండుసార్లు విని, ఇదేం బండిరా, స్టేషను దాటకముందే చచ్చి పుడుతోంది అని లేచిపోయారు. దీనికి మందు చెప్పండి" అని వారి కోరిక.

మందు ఉన్నది. అయితే రోగం తెలియకుండా మందు వేస్తే డీకోడరు కాలుతుంది గనుక, రోగం సంగతి ముందు చూద్దాం.

పాత బొమ్మ రైళ్లలో పట్టాలకు ఎంత కరెంటు ఇస్తే బండి అంత వేగంగా పోయేది. ఇప్పటి డి.సి.సి. పద్ధతి వేరు. జర్మనీలోని లెంజ్ కంపెనీ వారి పనిని ఆధారం చేసుకొని, అమెరికాలోని నమూనా రైళ్ల సంఘమైన ఎన్.ఎం.ఆర్.ఏ. వారు 1990ల నడిమిలో దీనికి ప్రమాణాలు ఏర్పరిచారు. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజి, అంటే ఇంచుమించు 14, 15 వోల్టులు, ఉంటుంది. ధన ఋణాలు సెకనుకు వేలసార్లు అటూయిటూ మారుతుంటాయి. ఆ మార్పులలోనే ఆజ్ఞలు ఉంటాయి. ఇంజనులో కూర్చున్న డీకోడరు మా ఆఫీసు గుమాస్తా లాంటిది. వచ్చిన సర్క్యులర్లన్నీ చూస్తుంది, తన నంబరు వేసి ఉన్నదాన్నే అమలు జరుపుతుంది. మోటారుకు, దీపానికి, స్పీకరుకు కరెంటు పంచేదీ అదే.

పట్టా మీది ధూళి గాని, చక్రానికి అంటుకున్న నల్లని మడ్డి గాని, పాయింటు నడుమ ఉండే ఫ్రాగ్ అనే ప్లాస్టిక్ ముక్క గాని అడ్డువస్తే కరెంటు తెగుతుంది. పొడుగుపాటి ఇంజనుకు చక్రాలెక్కువ గనుక ఒకటి తప్పినా ఇంకొకటి అందుకుంటుంది. ఆరు చక్రాల ట్యాంకు ఇంజనుకు ఆ వసతి లేదు. ధ్వని లేని ఇంజనయితే అంత చిన్న విరామం మనకు తెలియదు, ఊపు మీద దాటిపోతుంది. ధ్వనికి ఊపు లేదు. డీకోడరు మరణించి మళ్లీ పుడితే, ధ్వని కూడా తన పాఠం మొదటి పుట నుండి చదువుతుంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను చక్రం ఒక్కసారి తిరిగేసరికి నాలుగుసార్లు గుప్పుమంటుంది. ఆ లెక్క తెలిసిన చెవికి నడుమ ఒక్కటి తప్పినా ముల్లు గుచ్చుకున్నట్లుంటుంది. పెద్దాయన లేచిపోయారంటే తప్పు ఆయన ఓపికది కాదు.

ఇక మందు. ఆఫీసులలో ఇంప్రెస్టు సొమ్ము ఉంటుంది. ఖజానా నుండి బిల్లు రాకపోయినా తపాలా బిళ్లలకు, లాంతరు నూనెకు ఆ సొమ్ముతో రోజు గడుపుకొని, తరువాత ఖజానా నుండి భర్తీ చేసుకుంటాము. డీకోడరుకు ఆ ఇంప్రెస్టు పెట్టె కెపాసిటరు. పట్టాల నుండి కరెంటు వస్తున్నంతసేపు నిండుతుంది, రానప్పుడు ఇస్తుంది.

దీన్ని ఎక్కడ తగిలించాలన్నదే అసలు విషయం. డీకోడరుకు పట్టాల నుండి వచ్చే ఎరుపు, నలుపు తీగలకు మాత్రం ఎన్నడూ కలపకూడదు. అక్కడ ధన ఋణాలు నిలకడగా ఉండవు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు పగిలి ఊరుకుంటుంది. డీకోడరు లోపల రెక్టిఫయరు దాటిన తరువాత కరెంటు ఒకే వైపు పారుతుంది, కెపాసిటరు అక్కడ ఉండాలి. ధన వైపు దొరకడం సులువు, అది నీలపు తీగ. ఋణ వైపు కొన్ని డీకోడర్లలో తెల్ల చార ఉన్న నల్ల తీగగా బయటికి వస్తుంది, కొన్నిటిలో పలక మీద ఆవగింజంత చుక్కగా మాత్రమే ఉంటుంది. ఆ చుక్క ఏదో కంపెనీవారి కాగితంలో చూడందే టంకం కడ్డీ వేడి చేయకండి. అక్కడ టంకం పెడితే గ్యారంటీ పోయే మాట కూడా ఆ కాగితంలోనే ఉండవచ్చు.

25 వోల్టుల, 1000 మైక్రోఫారడుల కెపాసిటరు తీసుకోండి. 16 వోల్టులది చిన్నదిగా ఉంటుందని ఆశపడవద్దు. 15 వోల్టుల పట్టాల మీద దానికి ఊపిరి సలపదు. దాని ఋణ కాలును, అనగా డబ్బా మీద చార ఉన్న వైపుదాన్ని, డీకోడరు ఋణ స్థానానికి కలపండి. ధన కాలుకు నేరుగా నీలపు తీగ కలపవద్దు, నడుమ 100 ఓముల రెసిస్టరు ఉండాలి. ఖాళీ కెపాసిటరు ఆకలిగొన్నవాడి వంటిది. అడ్డులేకపోతే ఒక్క గుక్కలో కరెంటంతా లాగేస్తుంది, అది చూసి పట్టాలకు శక్తినిచ్చే యంత్రం షార్టు అయిందనుకొని ఆగిపోతుంది. రెసిస్టరు ఉంటే నింపుడు నిమ్మళంగా జరుగుతుంది. కాని ఇచ్చేటప్పుడు కూడా అదే అడ్డు నిలబడితే ప్రయోజనమేమిటి? అందుకని ఆ రెసిస్టరుకు సమాంతరంగా 1ఎన్4007 డయోడు ఒకటి, పట్టీ ఉన్న కొస నీలపు తీగ వైపుకు ఉండేలాగు, కలపాలి. లోపలికి రెసిస్టరు దారి, బయటికి డయోడు దారి.

ఈ కెపాసిటరు ఎంతసేపు నిలుపుతుంది? కెపాసిటరు 14 వోల్టుల నుండి 8కి దిగేవరకు డీకోడరు పనిచేస్తుందనుకొని, ఇంజను 150 మిల్లీ ఆంపియర్లు తింటుందనుకుంటే, సెకనులో 25వ వంతు. ధూళి రేణువుకు ఇది చాలు. మూడింటిని సమాంతరంగా కలిపితే ఎనిమిదో వంతు. మెల్లగా పోయే బండి ప్లాస్టిక్ ఫ్రాగ్ దాటడానికి అర సెకను కూడా పట్టవచ్చు గనుక అక్కడ అదీ చాలదు. అప్పుడు సూపరు కెపాసిటర్లు కావాలి. 2.7 వోల్టుల, 1 ఫారడుల చిన్నవి ఆరింటిని వరుసగా కలిపితే 16 వోల్టులకు తట్టుకుంటాయి. వోల్టులు 13 నుండి 8కి దిగేసరికి 5 సెకన్లు గడుస్తాయి. అయితే వీటిని నింపేటప్పుడు మొదట్లో రెసిస్టరు మీద ఒకటిన్నర వాట్లకు పైగా పడుతుంది, పావు వాటుది మాడిపోతుంది, 2 వాట్లది వాడాలి. నా మటుకు నేను ఈ సూపరు జాతిని ఇంట్లో కట్టమని చెప్పను. ఈ.ఎస్.యు., సౌండ్‌ట్రాక్స్, టి.సి.ఎస్. కంపెనీలు తమ డీకోడర్లకు తగినవి తయారుగా అమ్ముతున్నాయి. తమ డీకోడరుకు తమ పొట్లమే కొనడం క్షేమం.

ఎక్కువ నిలువ ఉంటే మంచిదేగా అంటారేమో! 5 సెకన్లంటే సామాన్యమా? సెకనుకు 10 సెంటీమీటర్లు పోయే బండి అర మీటరు నడుస్తుంది. పట్టాల కరెంటు ఆపేసినా ఆగదు. చేతిలోకి ఎత్తుకున్నా చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. బల్ల అంచుకు జానెడు దూరంలో లూపు వేసిన ఇళ్లలో నేల మీద పడిన ఇంజనులు ఇందుకే పడ్డాయి. ప్రమాదంలో కరెంటు స్విచ్చి కట్టకండి, అత్యవసరపు ఆపుదల బొత్తాం నొక్కండి. కరెంటు ఉన్నందువల్లనే ఆ ఆజ్ఞ ఇంజనుకు చేరుతుంది. ఇంకొక్కటి. పాత డి.సి. పట్టాల మీద కూడా నడిచే వసతి డీకోడరులో ఉంటే తీసివేయండి. లేకపోతే ఆజ్ఞలు తెగినప్పుడు, తాను డి.సి. మీద ఉన్నాననుకొని ఇంజను పరుగు తీసే సందర్భాలున్నాయి. సి.వి. 29 విలువ 6గా ఉంటే 2 చేస్తే చాలు. వేరే అంకె ఉంటే, ఆ వసతి కాగితంలో తెరిచి ఉన్నదని తేలితేనే దానిలోంచి 4 తీసివేయండి.

హుబ్లీ వారి ఇంజనులో చోటెక్కడ? బొగ్గు పెట్టె సందులో స్పీకరు ఉన్నది. స్పీకరును చిన్నది చేసి కెపాసిటరుకు చోటివ్వడం నాకు నచ్చదు. చప్పుడు కోసం కొన్న బండికి గొంతు నొక్కినట్లవుతుంది. ఇంజను వెనుక ఒక మూత వ్యాగను విడదీయకుండా తగిలించి, మూడు కెపాసిటర్లను అందులో పెట్టి, రెండు సన్నని తీగలు చిన్న ప్లగ్గుతో ఇంజనుకు తెప్పించుకోండి. వ్యాగను చక్రాలకు కూడా పట్టాల కరెంటు అందుకునే రేకులు అమర్చి, వాటి తీగలను డీకోడరు ఎరుపు నలుపులకు కలిపితే, చక్రాలు ఆరు కాస్తా పదవుతాయి. ఫ్రాగ్ మీద ఇంజను నిలిచినా వ్యాగను అందుకుంటుంది. అప్పుడు సూపరు కెపాసిటరు అవసరమే పడకపోవచ్చు. రైలు పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవడం మానరాదని వేరే చెప్పనక్కర లేదు. పూణె వైపు వారికి ఇదంతా కళ్లతో చూడాలనిపిస్తే, 1998లో జనానికి తెరిచిన జోషీ వారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల కోత్రూడులో ఉన్నది.

సి.వి.లు మార్చేటప్పుడు వ్యాగను ప్లగ్గు ఊడదీయండి. ప్రోగ్రామింగు పట్టా మీద డీకోడరు ఒప్పుకున్నానని చెప్పడానికి 60 మిల్లీ ఆంపియర్ల కరెంటును ఒక్క గుటక లాగుతుంది, అది 6 మిల్లీ సెకన్లు మాత్రమే. నిండుతున్న కెపాసిటరు అదే సమయంలో లాగితే ఎవరి గుటక ఏదో యంత్రానికి తెలియదు. అంతా సరిపడ్డాక నీలపు తీగకు, ఋణ స్థానానికి మధ్య మీటరు పెట్టి 13 వోల్టుల దరిదాపులో ఉన్నదో లేదో చూసి, అప్పుడు ప్లగ్గు తగిలించండి.

నాన్నగారు ఏ తరగతి ఇంజను మీద ఎక్కువ కాలం పనిచేశారో కనుక్కొని వ్రాయండి. డీకోడరులో ధ్వని మార్చుకునే వీలుంటే, దానికి దగ్గరి చప్పుడును ఎక్కించే పద్ధతి వచ్చే నెల వ్రాస్తాను.