సోకు ఒకరిది, కుదుపులు అందరివీ

పాత జీపు మీద మగవాళ్ళకుండే ప్రేమని నేనేమీ అనను. ఎవరి ముచ్చట వాళ్ళది. నాకు పట్టుచీరలంటే మోజు, మా అత్తగారికి ఇత్తడి సామానంటే ప్రాణం. అలాగని పట్టుచీర కట్టుకుని అంట్లు తోముతానని నేననలేదు. రోజూ పాలు ఇత్తడి గుండిగలోనే కాచాలని ఆవిడా పట్టుబట్టలేదు. జీపు దగ్గరికొచ్చేసరికే ఈ లెక్క ఎందుకో తప్పుతోంది. ముచ్చటపడి కొన్న బండినే బడికీ, బజారుకీ, ఆస్పత్రికీ తిప్పాలట. మామూలు కారు దండగట, అమ్మెయ్యాలట. మా ఇంట్లో ఈ మధ్య నడుస్తున్న చర్చ ఇదే. నాకు తెలిసి ఇంకో రెండు మూడిళ్ళల్లో కూడా ఇదే నడుస్తోంది. అందుకే నా మాట ఇక్కడ రాసి పెడుతున్నాను: పాత జీపు ఇంట్లో ఉండొచ్చు, కానీ ఇంటి బండి కాకూడదు.

మాది ముప్పై ఏళ్ళ నాటి డీజిల్ జీపు. పైన గుడ్డ టాపు, వెనకాల ఎదురెదురుగా రెండు బల్ల సీట్లు. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ మాట సరేసరి. మా చిన్న కారు నాలుగు నెలలుగా విశాఖపట్నంలో మా మరిది దగ్గర ఉంది. మా తోటికోడలికి నెలలు నిండుతున్నాయి, ఆస్పత్రికి తిరగడానికని పంపాం. ఈ నాలుగు నెలలూ రాజమండ్రిలో మా నలుగురికీ, అత్తగారికీ జీపే దిక్కు. ఇప్పుడు మా వారంటారు కదా, "నాలుగు నెలలు హాయిగా గడిచిపోయాయిగా, ఇంకా ఆ కారెందుకు, మరిదికే అమ్మేద్దాం" అని.

హాయిగా గడిచింది ఎవరికండీ? పొద్దున్న తొమ్మిదింటికి బైకు మీద ఆఫీసుకి వెళ్ళి, ఆదివారం మాత్రం జీపు తాళం తీసేవాళ్ళకి హాయిగానే గడుస్తుంది. ఇంకో మాట. తోటికోడలికి బండి కావాలన్నప్పుడు "జీపు పంపుదాం" అని మా వారు కూడా అనలేదు. కారే పంపాలని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. నెలలు నిండిన మనిషికి పనికిరాదని తెలిసిన బండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకీ, రెండో తరగతి పిల్లాడికీ ఎలా పనికొస్తుందో నాకు చెప్పాలి.

ఈ మాట అనగానే వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. "ఆడవాళ్ళకి నడపడం కష్టం, అందుకే వద్దంటున్నావ్." ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. దాన్ని రోజూ నడుపుతున్నది నేనే. క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు దించడం నాకు వచ్చు. పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు పడదనీ తెలుసు. దేవీ చౌక్ రద్దీలో ఆ స్టీరింగ్‌ని రెండు చేతులా లాగి తిప్పుతూ, మధ్యలో వెనక్కి తిరిగి "ఒరేయ్, కూర్చో" అని అరుస్తున్నదీ నేనే. నడపడం రానివాళ్ళ భయం కాదు నాది. నడిపేదాన్ని కాబట్టే చెప్తున్నాను.

అసలు జీపు ఎందుకు పుట్టిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 ప్రాంతంలో, అమెరికా సైన్యం కోసం పుట్టింది. దారి లేని చోట సైనికుల్నీ సామాన్లనీ మోయాలి, చెడిపోతే అక్కడికక్కడే విప్పి బిగించుకోవాలి. దానికోసం చేసిన బండి అది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మహీంద్రా వాళ్ళు ఆ విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత మన ఊళ్ళల్లో జీపంటే కలెక్టరుగారి జీపు, పోలీసు జీపు, ఎన్నికలప్పుడు మైకు కట్టిన జీపు. జీపు దిగినవాడికి నలుగురూ లేచి నిలబడేవాళ్ళు. మగవాళ్ళ మనసులో ఇప్పటికీ తిరుగుతున్నది ఆ జీపే. కానీ ఆ కలెక్టరుగారికి సర్కారు ఒక డ్రైవర్ని ఇచ్చింది, ఒక మెకానిక్‌ని ఇచ్చింది, కడిగి తుడవడానికి ఒక మనిషిని ఇచ్చింది. మా ఇంట్లో ఆ ముగ్గురూ నేనే.

జీపు గొప్పతనమంతా నాలుగు చక్రాలూ లాగడంలో ఉందంటారు. ఒప్పుకుంటాను. మారేడుమిల్లి అడవి దారుల్లో, వానాకాలం బురదలో దాన్ని మించింది లేదు. కానీ మా జీపులాంటి పాత బండ్లలో ఆ లివరు ఎండిన తారు రోడ్డు మీద వెయ్యనేకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. ఆ తేడాని సర్దే ఏర్పాటు మధ్యలో ఉండదు కాబట్టి లోపలి భాగాలు బిగుసుకుపోయి దెబ్బతింటాయి. అంటే దానవాయిపేటలో ఆ గొప్పతనమంతా ఉత్త బరువు. ఆ బరువుకి డీజిల్ పొయ్యాలి, టైర్లు వెయ్యాలి. ఇక కమాను పట్టీల సంగతి. అవి బరువులు మొయ్యడానికి పెట్టినవి. ఇద్దరు పిల్లలు, ఒక కూరగాయల సంచీ ఉన్న బండిలో అవి వంగవు. ప్రతి గుంటా తిన్నగా నడుముకే వచ్చి చేరుతుంది.

ఇక మగవాళ్ళ లెక్కలోకి రాని చిన్న చిన్న సంగతులు చెప్తాను. చీర కట్టుకుని జీపెక్కాలంటే ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో కమ్మీ పట్టుకోవాలి. చంకలో పిల్లాడుంటే మూడో చెయ్యి కావాలి. మా అత్తగారు ఎక్కడానికని జీపులో ఎప్పుడూ ఒక చెక్క పీట ఉంటుంది. ఆవిడ ఎక్కాక దాన్ని తీసి లోపల పెట్టడం, దిగేటప్పుడు మళ్ళీ వెయ్యడం. గుడికి వెళ్దామా అంటే ఈమధ్య ఆవిడే "ఎందుకులేమ్మా, ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటాను" అంటున్నారు. ఎందుకంటున్నారో ఆవిడ చెప్పరు, కొడుకు అడగరు.

గుడ్డ టాపుకి తాళం ఉండదు. బజారులో ఒక కొట్టులో కొన్నది జీపులో పెట్టి ఇంకో కొట్టుకి వెళ్ళలేం. అన్నీ మోసుకుని తిరగాల్సిందే. వాన పడితే పక్క తెరలు బిగించేలోపు పుస్తకాల సంచులు తడిసిపోతాయి. నీళ్ళల్లోంచి వెళ్ళాక పాత డ్రమ్ము బ్రేకులు తడిసి కాసేపు సరిగ్గా పట్టవు. మెల్లగా తొక్కుతూ ఆరబెట్టుకుంటూ వెళ్ళాలి. వెనక తెర తీసి ఉంచితే పొగ లోపలికే వస్తుంది, పిల్లలు కూర్చునేది అక్కడే. రాత్రి తొమ్మిదింటికి పాపని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే మోరంపూడి దగ్గర బండి ఆగినప్పుడల్లా, పక్కన ఆగినవాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాం. అద్దం లేదు, తలుపు గడియ లేదు. ఆ అర నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆడపిల్ల తల్లులకి నేను చెప్పక్కర్లేదు.

వీటన్నిటికీ సర్దుకుపోదాం అనుకున్నా, ఒక్కదానికి మాత్రం నేను సర్దుకోను. అది పిల్లల ప్రాణం. "పాత ఇనుమమ్మా, గుద్దితే అవతలి బండే నుజ్జవుతుంది" అని జీపు ప్రేమికులంతా ఒకే పాట పాడతారు. ఆ గట్టిదనమే ప్రమాదం. ఇప్పటి కార్ల ముందు భాగాన్ని కావాలనే నలిగేటట్టు చేస్తారు. అది నలుగుతూ దెబ్బలో చాలా భాగాన్ని తను తీసుకుంటుంది. నలగని ఇనుము ఆ దెబ్బని లోపలి మనిషికి అందిస్తుంది. పైగా జీపు ఎత్తు ఎక్కువ, పొడుగు తక్కువ. విసురుగా పక్కకి తిప్పితే పల్టీ కొట్టే గుణం ఉంది. అందులో పక్కకి తిరిగి, బెల్టు లేకుండా కూర్చున్న పిల్లలు సడన్ బ్రేకు పడితే ఎటు పడతారో ఊహించుకోండి. చిన్నపిల్లల సీటు బిగిద్దామన్నా ఆ బల్లలకి కుదరదు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2019 నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లకి ఏబీఎస్ బ్రేకులూ, డ్రైవరుకి ఎయిర్‌బ్యాగూ తప్పనిసరి చేశారు. 2022 నుంచి ముందు సీట్లో రెండో మనిషికి కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిందే. 1985లో వచ్చి, సైన్యం దాకా అందరూ మెచ్చిన జిప్సీ అంతటిది కూడా కొత్త భద్రతా నియమాలు వచ్చిన 2019లోనే ఆగిపోయింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దగ్గరే కార్లని గుద్దించి చూసి, పిల్లల భద్రతకి విడిగా మార్కులు వేస్తున్నారు. దేశమంతా అటు నడుస్తుంటే మా ఇల్లు మాత్రం ఉన్న ఎయిర్‌బ్యాగుల బండి అమ్మేసి వెనక్కి నడవాలా?

"మనం చిన్నప్పుడు లారీలెక్కి పెళ్ళిళ్ళకి వెళ్ళలేదా, ఏమైంది?" అంటారు. ఏమీ కానివాళ్ళం కాబట్టి కూర్చుని చెప్పుకుంటున్నాం. అయినవాళ్ళు చెప్పడానికి లేరు.

ఖర్చు మిగులుతుందన్న మాట కూడా చూద్దాం. పాత బండిని ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు, కంప్యూటర్లు లేవు, నిజమే. కానీ ఆ మెకానిక్ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద గంటలు గంటలు కూర్చునే మనిషి కూలి ఎవరూ లెక్క కట్టరు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుముని 2022 ఏప్రిల్‌లోనే 5,000 చేశారు. ఇంకో విశేషం. యాభై ఏళ్ళు దాటిన బండ్లని వింటేజ్‌గా నమోదు చేసుకోవడానికి కేంద్రం 2021లో నియమాలు పెట్టింది. అలా నమోదైన బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు గానీ రోజువారీ పనులకి తిప్పకూడదు. మా జీపుకి ఇంకా అంత వయసు రాలేదు. కానీ ముచ్చట బండి వేరు, రోజువారీ బండి వేరు అని ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి తెలిసినప్పుడు మన హాల్లో కూర్చున్నవాళ్ళకి ఎందుకు తెలియదు?

నన్నడిగితే ఇది బండి గొడవే కాదు. ఇంట్లో ఒకరి ఇష్టం అందరి అలవాటుగా మారేటప్పుడు, ఆ బరువు మోసేవాళ్ళని ఒక్కమాట అడగరు. మోసినంతకాలం "బాగానే ఉందిగా" అంటారు. మొయ్యలేనంటే "నీకు రుచి లేదు" అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

కాబట్టి అమ్మలూ, మీ ఇంట్లోనూ ఈ ప్రస్తావన వస్తే పోట్లాడకండి. మూడు విషయాలు మాత్రం తేల్చుకోండి. ఒకటి, ఆ బండిని "రోజూ వాడదాం" అంటున్న మనిషి ఒక నెలపాటు బడికీ, బజారుకీ, ఆస్పత్రికీ తనే నడపాలి, బైకు మీ చేతికివ్వాలి. రెండు, వెనక కూర్చునే ప్రతి పిల్లకీ ముందుకి తిరిగిన సీటూ, బెల్టూ ఉండాలి. లేకపోతే పిల్లలు అందులో ఎక్కరు. మూడు, ఇంట్లో పెద్దావిడ ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగాలి. ఈ మూడూ కుదిరితే ఆ కారు నిరభ్యంతరంగా అమ్ముకోమనండి. కుదరకపోతే జీపుని ఆదివారం తీసి, కడిగి, మారేడుమిల్లి దాకా తిప్పి తీసుకురమ్మనండి. మనమూ సరదాగా వెళ్దాం. సోమవారం పొద్దున్న మాత్రం కారు తాళం మన చేతిలోనే ఉండాలి.