అలంకారం పేరు సరే, దాని పనేమిటి?

పదో తరగతి పిల్లలకు ఉపమాలంకారం కంఠతా వస్తుంది. ‘ముఖం చంద్రబింబంలా ఉంది’ అనగానే ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, ‘లా’ ఉపమావాచకం అని గడగడా అప్పజెప్పేస్తారు. సమానధర్మం వాక్యంలో లేదు కాబట్టి ఇది లుప్తోపమ అనేవాళ్లూ ఉంటారు. ఆ పోలికను కవి అక్కడ ఎందుకు తెచ్చాడని అడిగితే మాత్రం నోరు పెగలదు. తప్పు వాళ్లది కాదు, ఆ ప్రశ్నకు మార్కుల్లేవు.

సాహిత్య పరిభాష మీద విసుగు ఇక్కడే మొదలవుతుంది. కథను హాయిగా చదువుకోనివ్వక ఈ పేర్ల గొడవేమిటంటారు. విసుగు న్యాయమైనదే. కానీ నింద పడాల్సింది బోధించే తీరు మీద.

1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే చూడండి. బాగా పొద్దుపోయాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. నౌకరు రాముడి మీద మండిపడతాడు, తనను తాను తిట్టుకుంటాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. కథకుడు మొదటి నుంచీ గోపాలరావు వెంటే ఉంటాడు, కమలిని మనసులోకి తొంగిచూడడు. అందుకే అతనితో పాటు పాఠకుడూ బోల్తా పడతాడు. దృష్టికోణం అనేది దీన్నే.

‘కన్యాశుల్కం’లో గురజాడ దీనికి తలకిందుల పని చేశాడు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. పెళ్లికూతురు మగపిల్లాడన్న సంగతి ప్రేక్షకులకు ముందే తెలుసు, అవధాన్లకు తెలియదు. నవ్వంతా ఆ తేడాలోనే ఉంది. అది నాటకీయ వ్యంగ్యం. గుట్టును ఒకచోట దాచి, మరోచోట ముందే విప్పి, రెండు చోట్లా పని సాధించుకున్నాడాయన. ఈ రెండు మాటలూ తెలిసిన విద్యార్థి ‘భలే ఉంది’ దగ్గర ఆగిపోడు, ఎందుకు బాగుందో చెప్పగలుగుతాడు.

అలంకారాలు, ఛందస్సు పద్యానికి బాగా అక్కరకొస్తాయి. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు చర్చించిన ధ్వని (మాటల వెనక స్ఫురించే అర్థం) ఈనాటి వచన కవితకూ పనికొస్తుంది. అయితే 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ను ఉపమ, రూపకాలతో కొలవలేం. విద్యార్థి రవి ఒక్కరోజు ఆలోచనల ప్రవాహమే ఆ నవల. దానికి చైతన్య స్రవంతి అన్న మాట తెలియాలి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ కథను ఎలా పరిశీలించాలో తెలుగులోనే వివరించింది, సాహిత్య అకాడమీ అవార్డు కూడా అందుకుంది. ఆ చర్చ బడిదాకా రావాలి.

ఇందుకు కొత్త సిలబస్ అక్కర్లేదు, ప్రశ్న మారితే చాలు. ‘ఇది ఏ అలంకారం?’ అన్న ప్రశ్నకు తోడు ‘ఈ పోలిక తీసేస్తే ఏం పోతుంది?’ అని అడగొచ్చు. ‘దిద్దుబాటు’ను కమలిని చెబితే ఏం మారుతుందో ఐదు వాక్యాల్లో రాయమనొచ్చు. జవాబులు రకరకాలుగా వస్తాయి, దిద్దడం కష్టమనే మాట నిజమే. మార్కులు జవాబుకు కాక, చూపిన కారణానికి వేస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.