వంతెన మిగిల్చిన సమయం ఎవరిది?

హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన అనగానే అందరూ రాత్రిపూట వెలిగే రంగుల దీపాల గురించే చెబుతారు. ఇక సెల్ఫీల సంగతి సరే సరి. కానీ ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన ఆ చెరువు మీద సుమారు 184 కోట్లు ఖర్చుపెట్టి వంతెన కట్టింది దీపాల కోసం కాదు కదా! మన సమయం మిగల్చడానికి. జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డు నుంచి చుట్టు తిరగకుండా నేరుగా మాదాపూర్ ఆఫీసుల వైపు దిగొచ్చు. దాదాపు రెండు కిలోమీటర్లు కలిసొస్తాయి.

తమాషా ఏమిటంటే, 2020 సెప్టెంబరులో దాన్ని ప్రారంభించేనాటికి కరోనా వల్ల చాలామంది ఆఫీసు డైనింగ్ టేబుల్ మీదే ఉంది. తర్వాత మళ్లీ ఆఫీసులు తెరిచారు, వంతెన నిండా కార్లే.

మరి ఆ మిగిలిన పది నిమిషాలో పావుగంటో ఎవరికి దక్కింది? మగవారైతే, "వంతెన ఉందిగా, వచ్చేస్తాలే" అంటూ ఇంకో మీటింగులో కూర్చుంటారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లైతే, త్వరగా వచ్చారు కాబట్టి ఇంకో కూర చేస్తారు! మా ఆడపడుచు ఆ దారినే ఆఫీసుకు వెళ్తుంది. "దారి తగ్గింది వదినా, పని తగ్గలేదు" అంటుంది.

పోపుల డబ్బాలో డబ్బు దాచే మనకు ఒక సంగతి బాగా తెలుసు. ఇది పాప ఫీజుకి, ఇది పండక్కి అని ముందే అనుకోకపోతే ఆ డబ్బు ఏమైందో కూడా తెలియదు. సమయమూ అంతే. దానికో పేరు పెట్టాలి. ఇది నాన్న దగ్గర కూర్చుని బాబు లెక్కలు చేసుకునే పావుగంట. ఇది అమ్మ కాళ్లు చాపుకుని, వేడివేడిగా కాఫీ తాగే పావుగంట. ఆ వేళకి ఫోను మోగినా ఎత్తకూడదు, కుక్కరు కూత పెడితే ఇంకొకరు లేవాలి.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. రోజుకో పావుగంటంటే నెలకి ఏడున్నర గంటలు. పిల్లలు మన ఒళ్లో కూర్చుని కబుర్లు చెప్పే వయసు ఎన్నేళ్లుంటుంది గనుక?

మీ ఊళ్లో ఫ్లైఓవరో, మెట్రోనో, కొత్త రోడ్డో ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. అది మిగిల్చిన సమయం మీ ఇంట్లో ఎవరికి దక్కుతోంది? ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి అడిగి చూడండి.