ర్యామ్ కొనేముందు నాడి చూడండి!

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు పొంగింది. ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవి అంచున ఉన్న చర్ల, దుమ్ముగూడెం పల్లెలు ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పేది ఇలాంటి అంకెలే. మరి వాటిని దాచిన కంప్యూటరే జవాబివ్వకుండా నసుగుతుంటే?

ఉదాహరణకు, నది పొడవునా 100 చోట్ల గంటకోసారి నీటిమట్టం నమోదు చేశారనుకుందాం. పదేళ్లకు 87.6 లక్షల వరుసలు! అవన్నీ లినక్స్ మీద, మైఎస్‌క్యూఎల్‌లో ఉన్నాయి. వేగం తగ్గగానే చాలామంది కొత్త ర్యామ్ కొనేస్తారు. జబ్బు తెలియకుండా మందేస్తే ఏం లాభం?

ముందు 'టాప్' అని టైప్ చేయండి. 'డబ్ల్యూఏ' అంకె ఎక్కువగా ఉంటే ప్రాసెసర్ డిస్కు కోసం ఎదురుచూస్తోందని అర్థం. తర్వాత 'వీఎంస్టాట్ 5' ఇవ్వండి. 'ఎస్ఐ', 'ఎస్ఓ' కాలమ్‌లలో సున్నా కాని అంకెలు ఆగకుండా వస్తుంటే నిజంగానే ర్యామ్ చాలడం లేదు. 'ఫ్రీ' కమాండ్‌లో ఖాళీ తక్కువ కనిపించిందని మాత్రం కంగారుపడొద్దు. మిగిలిన ర్యామ్‌లో లినక్స్ ఫైళ్లను దాచుకుంటుంది. చూడాల్సింది 'అవైలబుల్' అంకెనే.

ర్యామ్ ఉన్నా డేటాబేస్ వాడుకోకపోవచ్చు. ఇన్నోడీబీ బఫర్ పూల్ మామూలుగా 128 ఎంబీయే ఉంటుంది. కంప్యూటర్ డేటాబేస్ కోసమే అయితే ర్యామ్‌లో సగానికి పైగా దానికివ్వొచ్చు.

అసలు దొంగ తరచూ మనమడిగే ప్రశ్నలోనే ఉంటాడు! 'స్లో క్వెరీ లాగ్' ఆన్ చేయండి. మార్చకపోతే 10 సెకన్లు దాటిన ప్రశ్నలనే రాస్తుంది కాబట్టి గడువు 1 సెకనుకు తగ్గించండి. దొరికిన ప్రశ్నకు ముందు 'ఎక్స్‌ప్లెయిన్' చేర్చి నడపండి. 'టైప్' కింద 'ఆల్' అని వచ్చిందా? భద్రాచలం సంగతి అడిగితే మొత్తం పట్టికనే తిరగేస్తోందన్నమాట. ఊరు, సమయం... ఈ రెండు కాలమ్‌లకూ కలిపి ఇండెక్స్ పెడితే నేరుగా కావాల్సిన చోటికే వెళ్తుంది.

ఓ మెలిక ఉంది. సమయంలోంచి సంవత్సరాన్ని విడదీసి 'అది 2022 అయినవి' అని అడిగితే సమయానికి పెట్టిన ఇండెక్స్ అక్కరకు రాదు. '2022 జనవరి 1 నుంచి 2023 జనవరి 1కి ముందు వరకు' అని అడగాలి.

అలాగని ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెట్టకండి. కొత్త అంకె చేరిన ప్రతిసారీ వాటన్నిటినీ సరిచేయాల్సి వస్తుంది. వరద రోజుల్లో అంకెలు గంటగంటకూ వచ్చిపడుతూనే ఉంటాయి మరి!