ఆకును తిప్పి చూడండి

ఫిషింగ్ హార్బర్ పరిసరాలలో మేడమీది కుండీలలో బంగాళాదుంప పెంచుకొనే సోదరీమణులకు మేము చేసే విన్నపం ఒక్కటే: ఆకు వాడగానే పురుగుమందు కోసం పరుగెత్తకండి. అది మీ పిల్లలు తినబోయే పంట. ముందుగా ఆకును తిప్పి చూడండి.

ఆకుల అంచులు మాత్రమే మాడినట్లయితే, ఉప్పుగాలి గాని, కుండీలో పోసిన ఎండుచేపల కడుగునీరు గాని కారణం కావచ్చును. ఆ నీరు మాని, అడుగు రంధ్రం నుండి కారిపోయేలా మంచినీరు పోయండి.

ముదురు ఆకులపై వలయాల మచ్చలుంటే ఎర్లీ బ్లైట్ తెగులు కావచ్చును. ఆ ఆకులను తుంచి, మొక్క మొదట్లోనే నీరు పోయండి.

చల్లని తేమ రోజులలో నీట నానినట్టి నల్లమచ్చలు, అడుగున తెల్లని బూజు కనిపిస్తే అది లేట్ బ్లైట్. ఆలస్యం చేయక మొక్కను పెరికి, సంచిలో మూసి పారవేయండి. లేకుంటే పక్కనున్న టమాటాకూ సోకుతుంది. 1845లో ఐర్లండ్‌ను కరువు పాలు చేసినది ఈ తెగులే. 1847లో ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఆ బాధితులకు వెయ్యి పౌండ్లు పంపారు.

నాటిన మూడు నెలలకు మొక్క అంతా పసుపుబారితే మాత్రం చింతించకండి. దుంపలు త్రవ్వుకొనే వేళ సమీపించినదన్నమాట.